తూర్పు ప్రభావమా, తూర్పు అత్తరా?

త్రిశ్రగతి:
పాశ్చాత్య సంగీతం మీద తూర్పు ప్రభావం అనే అంశంతో జరగబోయే ఒక సంగీతోత్సవం పట్టిక చూశాను. మోట్సార్ట్ టర్కీ బాణీలు, డెబ్యూసీ పియానో రచన 'పగోడ్', పుచీని ఒపేరా 'తురాందోత్' నుంచి కొన్ని పాటలు, చివర్లో మెస్సియాన్ సింఫనీ 'తురంగలీల'. అన్నిటినీ ఒకే గాటన కట్టి 'ప్రభావం' అనేయడమేనా? మెస్సియాన్ మన తాళాలు నిజంగా తీసుకున్నాడు. మిగతా ముగ్గురూ పైపైన తూర్పు అత్తరు చల్లుకున్నారంతే.

డోలుసన్నాయి:
మోట్సార్ట్‌ని అంత తేలిగ్గా తీసెయ్యకండి. 1782 నాటి ఆయన 'సెరాలియో' ఒపేరాలో పెద్ద డోలు, సింబల్స్, ట్రయాంగిల్ వినిపించేది ఒట్టోమన్ సైనిక బృందాల ధోరణిలో. 1824లో బేతోవెన్ తొమ్మిదో సింఫనీ చివరి భాగంలోనూ అవే. ఇప్పుడు వాటిని టర్కీవి అని ఎవరైనా అనుకుంటున్నారా? అద్దెకొచ్చి ఇల్లు సొంతం చేసుకున్నాయి!

నల్లమెట్లు:
'పగోడ్' నేను వాయిస్తాను కాబట్టి చెబుతున్నా. డెబ్యూసీ 1889 పారిస్ ప్రదర్శనలో జావా గామెలాన్, అంటే గాంగులు, లోహపు పలకల వాద్యబృందం, విన్నాడు, ఇది 1903లో రాశాడు. మంద్రంలో ఒక స్వరం కొట్టి పెడల్ తొక్కి పట్టుకుంటే అది గాంగులా మోగుతూనే ఉంటుంది. దాని మీద నిదానంగా ఒక వరుస, ఆ పైన ఇంకా చురుగ్గా మరొకటి. గామెలాన్ అల్లిక అచ్చం అదే. ఇది అత్తరా?

త్రిశ్రగతి:
అల్లిక సరే, మరి శ్రుతి? గామెలాన్ శ్రుతి పద్ధతుల్లో ఒకటైన స్లెండ్రోలో సప్తకాన్ని ఐదు దాదాపు సమానమైన భాగాలు చేస్తారు. అది పియానో మెట్ల మీద పలకదు.

నల్లమెట్లు:
పలకదు, ఒప్పుకుంటా. కానీ మీ మెస్సియాన్ సంగతేంటి? 13వ శతాబ్దపు సంగీతరత్నాకరంలోని 120 దేశీ తాళాల పట్టికను ఆయన ఒక ఫ్రెంచి విజ్ఞానసర్వస్వంలో చదివి నేర్చుకున్నాడు. చేత్తో వేసిన తాళం కాదు, కాగితం మీది కొలతలు. చెవులారా విన్నవాడిది అత్తరు, చదివినవాడిది ప్రభావమా?

డోలుసన్నాయి:
అమెరికా స్వరకర్త ఫిలిప్ గ్లాస్ ఎందుకు లేడో ఆ పట్టికలో! 1960లలో పారిస్‌లో రవిశంకర్ సినిమా సంగీతాన్ని ఫ్రెంచి వాద్యకారుల కోసం నొటేషన్‌లో పెడుతున్నాడు. ఊనిక తప్పుతోందని తబలా విద్వాంసుడు అల్లా రఖా పట్టు. నొటేషన్‌ని భాగాలుగా విడదీసే బార్ గీతలు అటు జరిపి ఇటు జరిపి, చివరికి మొత్తం చెరిపేశాక గానీ కుదరలేదు. ఆ తర్వాత గ్లాస్ సొంత సంగీతమే మారిపోయింది.

త్రిశ్రగతి:
సరే, మోట్సార్ట్, డెబ్యూసీల విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నా. పుచీని విషయంలో మాత్రం కాదు. 'తురాందోత్'లో కొన్ని చైనా బాణీలు ఆయనకు దొరికింది ఒక మ్యూజిక్ బాక్సులో! ఇంకో ఫిర్యాదు కూడా ఉంది: ఇంత పట్టికలో ఒక్క గామెలాన్ బృందమూ లేదు.

నల్లమెట్లు:
పెడితే దాని పక్కన 'పగోడ్' వెలవెలబోతుందని భయమేమో.

త్రిశ్రగతి:
బోనివ్వండి. నాకు వినాలని ఉన్నది అదే.