ఈసీఈ ఫస్టియర్‌కి లాప్‌టాప్ ఇప్పుడే కొనాలా, సంక్రాంతి దాకా ఆగొచ్చా?

వంశధార_గట్టు

చెల్లికి విజయనగరం వైపు కాలేజీలో ఈసీఈ సీటు వచ్చింది. హాస్టల్లో ఉంటుంది. బడ్జెట్ 45 వేలు, గట్టిగా లాగితే 50. ఇంట్లో ధాన్యం డబ్బులు చేతికొచ్చేది సంక్రాంతికి అటూ ఇటూ. అంతవరకూ ఆగితే చదువుకి ఇబ్బందా? ఇప్పుడే కొంటే అప్పు చెయ్యాలి.

శ్రీకాకుళంలో షాపులో రెండు చూపించారు. ఒకటి రైజెన్ 5 7520యూ, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ. రెండోది ఇంటెల్ ఐ5 1235యూ, ర్యామూ ఎస్ఎస్‌డీ అంతే, కాకపోతే "పాత మోడల్" అన్నారు. ధరలో తేడా రెండు వేల లోపే. "7000 సిరీస్ కొత్తది, అదే తీసుకోండి" అని సేల్స్ కుర్రాడు ఒకటే పోరు. సీనియర్లేమో గేమింగ్ లాప్‌టాప్ అయితేనే నాలుగేళ్లు వస్తుందంటున్నారు. దేన్ని నమ్మాలి?

నాగావళి_ఈసీఈ

ముందు సిలబస్ చూద్దాం. మీది జేఎన్‌టీయూ గురజాడ పరిధి కాలేజీ అయితే ఆర్23 సిలబస్. ఫస్టియర్లో కంప్యూటర్‌తో పని పడేవి మూడే: ఇంట్రడక్షన్ టు ప్రోగ్రామింగ్ (అంటే సీ), ఐటీ వర్క్‌షాప్, ఇంజినీరింగ్ గ్రాఫిక్స్. వీటికి ల్యాబ్ గంటలు ఉంటాయి. గ్రాఫిక్స్‌లో ఎక్కువ భాగం డ్రాయింగ్ షీటు మీదే. కాబట్టి ఈసీఈకి సంక్రాంతి దాకా ఆగితే కొంప మునగదు. సీఎస్ఈ అయితే మాత్రం ఈ మాట చెప్పను.

ఈలోగా సీ ప్రాక్టీసు ఫోన్లో చెయ్యొచ్చు. టెర్మక్స్ యాప్ (ఫోన్లోనే కమాండ్లు కొట్టుకునేది) ఎఫ్-డ్రాయిడ్ అనే ఉచిత యాప్‌ల స్టోరు నుంచి వేసుకోమనండి. లోపల "పీకేజీ ఇన్‌స్టాల్ క్లాంగ్" అని కొడితే కంపైలర్ వచ్చేస్తుంది. ఇక్కడ అందరూ ఇరుక్కునే చోట్లు రెండున్నాయి. ప్రోగ్రామును ఫోన్ స్టోరేజీలో సేవ్ చేసి అక్కణ్ణుంచే నడపబోతే "పర్మిషన్ డినైడ్" అంటుంది, ఎందుకంటే ఆండ్రాయిడ్ ఆ ఫోల్డర్లోంచి ఏ ప్రోగ్రామునూ నడవనివ్వదు. టెర్మక్స్ సొంత హోమ్ ఫోల్డర్లో పెడితే నడుస్తుంది. రెండోది, ల్యాబ్ రికార్డుల్లో ఇంకా టర్బో సీ కాలం నాటి కోనియో హెడరూ, క్లియర్ స్క్రీన్, గెట్‌చ్ లైన్లూ ఉంటాయి. క్లాంగ్‌కి అవి తెలీవు. ఆ మూడు రకాల లైన్లూ తీసేస్తే మిగతా ప్రోగ్రాము మామూలుగా నడుస్తుంది.

ఫోన్ కీబోర్డులో బ్రాకెట్లు, సెమీకోలన్లు వెతుక్కోవడం పెద్ద విసుగు. ఓ ఓటీజీ పిన్నూ, మామూలు యూఎస్‌బీ కీబోర్డూ కొనివ్వండి. రేపు లాప్‌టాప్ వచ్చాకా పనికొస్తాయి.

సెకండియర్ నుంచి కథ మారుతుంది. సర్క్యూట్లకి ఎల్‌టీస్పైస్ (ఉచితం, తేలిక), సిగ్నల్స్‌కి మ్యాట్‌ల్యాబ్ గానీ ఆక్టేవ్ గానీ, తర్వాత మైక్రోకంట్రోలర్లకి కైల్, వీఎల్ఎస్ఐకి (చిప్ డిజైన్) వివాడో. అసలు బరువంతా వివాడోదే. అనవసరమైన చిప్ ఫ్యామిలీలన్నీ టిక్ తీసేసి వేసినా పదుల జీబీలు తింటుంది, అన్నీ ఉంచేస్తే 100 దాటుతుంది. 256 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న మిషన్ జోలికి అందుకే పోవద్దు. 512 కొన్నా విండోస్‌లో 476 అనే చూపిస్తుంది, అది మోసం కాదు, లెక్కపెట్టే పద్ధతిలో తేడా అంతే.

ఇంకో జాగ్రత్త. కైల్ (మైక్రోవిజన్), వివాడో మ్యాక్‌లో నడవవు. స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ విండోస్ లాప్‌టాపులు కూడా ఈసీఈకి వద్దు. బ్యాటరీ బ్రహ్మాండంగా వస్తుంది గానీ, ల్యాబ్ బోర్డులకి కావాల్సిన యూఎస్‌బీ డ్రైవర్లు ఆ రకం ప్రాసెసర్‌కి విడిగా రాసి ఉంటే తప్ప పనిచెయ్యవు.

గంటస్తంభం_హార్డ్‌వేర్

షాపు కుర్రాడు చెప్పిన దానికి సరిగ్గా తిరగేసి చేయండి.

రైజెన్ 7000 సిరీస్ నంబర్లో మొదటి అంకె ఏడాదిది. లోపల ఏ తరం కోర్లున్నాయో చెప్పేది మూడో అంకె. 7520యూలో మూడో అంకె 2, అంటే జెన్ 2, అంటే 2019లో వచ్చిన డిజైన్. 7530యూ అయితే జెన్ 3. అంకె ఒక్కటే తేడా అనిపిస్తుంది గానీ రెండూ వేరే వేరే మిషన్లు: 7520యూకి 4 కోర్లు, 7530యూకి 6. మీకు చూపించిన 1235యూలో 10 కోర్లు (2 పెద్దవి, 8 చిన్నవి). "పాత మోడల్" అనుకున్నదే ఇక్కడ మెరుగు.

అంతకంటే పెద్ద తిరకాసు ర్యామ్. 7520యూ తీసుకునేది ఎల్‌పీడీడీఆర్5 రకం. దాన్ని మదర్‌బోర్డు మీదే సోల్డర్ చేస్తారు. 8 కొంటే నాలుగేళ్లూ 8తోనే. ఆ 8లోంచే గ్రాఫిక్స్‌కి కొంత పోతుంది, విండోస్ 11 ఏమీ తెరవకుండానే ఇంచుమించు సగం పట్టేస్తుంది. మిగిలిన దాంట్లో బ్రౌజరూ, వివాడో సింథసిసూ (రాసిన డిజైన్‌ని సర్క్యూట్‌గా మార్చే పని) కలిపి నడిపితే ఎస్ఎస్‌డీ మీద పడి ఈడుస్తుంది. చిన్న ప్రాజెక్టుకి కూడా టీ తాగి రావచ్చు.

1235యూ ఉన్న మోడళ్లలో కూడా కొన్నిటికి సోల్డరే, కొన్నిటికి స్లాట్. షాపులో ఆన్ చేసి ఉన్న పీసు మీదే చూడొచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ. కుడి కింద "ఫామ్ ఫ్యాక్టర్" అని ఉంటుంది. దాని పక్కన "ఎస్ఓ-డిమ్" అని ఉంటే స్లాట్‌లో పెట్టిన ర్యామ్. "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే సోల్డర్. దాని పైనే "స్లాట్స్ యూజ్డ్" ఉంటుంది గానీ ఆ ఒక్క లైనునే నమ్మకండి, సోల్డర్ మిషన్లలో కూడా అది లేని స్లాట్లు లెక్కపెట్టి చూపిస్తుంది. కొన్నిటికి సగం సోల్డర్, సగం స్లాట్. అందుకని పెట్టె మీద ఉన్న పూర్తి మోడల్ నంబరు ఫోటో తీసుకుని, కంపెనీ సైట్లో ఆ నంబరుకే స్లాట్లు ఎన్నో చూడండి. ఒకే పేరుతో చివర రెండక్షరాలు మారితే ర్యామ్ రకమే మారిపోతుంది.

స్లాట్ ఉన్నది దొరికితే 8తో కొని, సెకండియర్లో ఇంకో 8 వేయించండి. ర్యామ్ ధర నిలకడగా ఉండదు, కొనే ముందు కనుక్కుని చూడండి, 16 జీబీతోనే వచ్చే పీసుకి తేడా తక్కువ ఉంటే అదే మేలు.

గేమింగ్ లాప్‌టాప్ దేనికి? వివాడో గానీ కైల్ గానీ గ్రాఫిక్స్ కార్డు వాడుకోవు, వాటికి కావాల్సింది ప్రాసెసరూ ర్యామూ. 2 కిలోలకు పైగా బరువు, ఇటుక లాంటి అడాప్టరు, క్లాసులో రెండు మూడు గంటలకే ప్లగ్గు వెతుక్కోవడం. సీనియర్లు ఆడుకోడానికి చెప్పారు, చదువుకోడానికి కాదు.

వంశధార_గట్టు

అందరికీ థాంక్స్. ఆగుదామనే అనుకుంటున్నాం. ఈలోగా ఇంకో మాట. విశాఖలో సెకండ్ హ్యాండ్ థింక్‌ప్యాడ్ టీ480, 16 జీబీది, కొత్తదాని సగం ధరకే వస్తుందని తెలిసినాయన చెప్తున్నారు. అప్పు లేకుండా ఇప్పుడే అయిపోతుంది. తీసుకోవచ్చా?

బొబ్బిలి_వీణ

టీ480 మంచి మిషనే. 8వ తరం ఇంటెల్ ఉన్నదైతే విండోస్ 11 సక్రమంగా ఎక్కుతుంది. చూడ్డానికి అలాగే ఉండే టీ470లో 6, 7 తరాలుంటాయి, వాటిని మైక్రోసాఫ్ట్ ఒప్పుకోదు, విండోస్ 10కేమో 2025 అక్టోబర్ 14తో సపోర్టు ఆగిపోయింది. స్టిక్కరు చూసి కాదు, సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్‌లోకి వెళ్లి ప్రాసెసర్ నంబరు 8తో మొదలవుతోందా చూడండి: ఐ5-8250యూ, 8350యూ లాంటివి.

డబ్బు ఇచ్చే ముందు అరగంట అక్కడే కూచోండి. పూర్తిగా రీసెట్ చేయించి, వైఫై కలిపి, మొదటి సెటప్ మీ ముందే చేయించడం అన్నిటికంటే ముఖ్యం. ఇవి ఎక్కువగా కంపెనీ ఆఫీసుల నుంచి వచ్చేవి. పాత కంపెనీ జాబితాలోంచి తీసెయ్యకపోతే సెటప్‌లో ఆ కంపెనీ పేరుతో లాగిన్ అడుగుతుంది. అలా అడిగితే లేచి వచ్చెయ్యండి. "తర్వాత తీసేస్తాం" అన్నా సరే. ఆన్ చేసేటప్పుడు ఎఫ్1 నొక్కితే బయోస్ (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) తెరుచుకోవాలి. పాస్‌వర్డ్ అడిగితే అదీ వద్దు, దాన్ని పోగొట్టడం మామూలు మెకానిక్ పని కాదు.

తర్వాత కమాండ్ ప్రాంప్ట్ తెరిచి బ్యాటరీ రిపోర్టు తీయించండి (పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్, బ్యాటరీరిపోర్ట్). డిజైన్ కెపాసిటీ పక్కన ఫుల్ ఛార్జ్ కెపాసిటీ పెట్టి చూడండి. సగానికి దిగి ఉంటే బ్యాటరీ మార్చే ఖర్చు బేరంలో తగ్గించాలి. టీ480లో బ్యాటరీలు రెండు, లోపలొకటి, వెనక ఊడదీసేదొకటి. రెండిటి లెక్కా విడివిడిగా కనిపిస్తుంది. వెనకది కొత్తది పెట్టి లోపలిది చచ్చినదే వదిలేసేవాళ్లు ఉంటారు. టచ్‌ప్యాడ్ ఒక పక్క పైకి లేచినట్టుంటే లోపలి బ్యాటరీ ఉబ్బిందన్నమాట, తీసుకోవద్దు.

టైప్-సీ పోర్టులు రెండున్నాయి, రెండిట్లోనూ ఛార్జర్ పెట్టి చూడండి. ఈ మోడల్‌కి థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్ (ఆ టైప్-సీ పోర్టును నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) లోపం వల్ల పోర్టు పోయే జబ్బుంది. దానికి లెనోవో అప్‌డేట్ ఇచ్చింది. అప్‌డేట్ పడని పీసు ఇవాళ ఛార్జ్ అయినా ఆర్నెల్లకి అవ్వకపోవచ్చు, అందుకని కొన్న రోజే ఆ అప్‌డేట్ వేయండి.

నా మాట అయితే: ఈసీఈకి, అప్పు తప్పుతుందంటే, పై పరీక్షలన్నీ నెగ్గిన టీ480 తీసుకోవచ్చు. 4 కోర్లే గానీ 7520యూ కంటే మీకు ఒరిగేది ఎక్కువ, రెండు స్లాట్లున్నాయి కాబట్టి. డిస్‌ప్లే ఒక్కటి చూసుకోండి, కొన్నిటికి 1366 తెర వస్తుంది, అందులో సర్క్యూట్ డయాగ్రం సరిపోక పక్కకి జరుపుకుంటూ కూచోవాలి. 1920 తెర ఉన్నదే అడగండి.

పలాస_జీడిపప్పు

కరెంటు సంగతి ఎవరూ చెప్పలేదు. లో వోల్టేజీకి లాప్‌టాప్ భయపడదు, అడాప్టరు 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుంది. భయపడాల్సింది పిడుగులకీ, పోయిన కరెంటు ఎగదన్ని రావడానికీ. ఉరిమితే ప్లగ్గు తీసెయ్యాలి, స్విచ్ ఆపితే చాలదు.

మెటల్ బాడీ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటే లాప్‌టాప్ పాడైందని షాపుకి పరిగెత్తకండి. ఎర్త్ లేదన్నమాట. అడాప్టరులో ఫిల్టరు నుంచి వచ్చే చిన్న లీకేజీ ఎర్త్‌లోకి పోవాలి. మూడో పిన్ను లేని కన్వర్టరు పెడితేనో, ఇంట్లో ఎర్త్ గొయ్యి ఎండిపోతేనో అది బాడీ మీదే ఉండిపోతుంది. కన్వర్టరు పారేయండి, వేసవిలో గొయ్యిలో నీళ్లు పోయండి.

కొత్తది కొంటే జీఎస్టీ బిల్లులో సీరియల్ నంబరు రాయించండి. ఆ నంబరుని కంపెనీ సైట్లో కొడితే వారంటీ ఎప్పటి నుంచి మొదలైందో కనిపిస్తుంది. ఆర్నెల్ల కిందటి తేదీ చూపిస్తే బిల్లు పెట్టి సరిచేయించుకోవచ్చు. వారంటీ "ఆన్‌సైటా, క్యారీ-ఇన్నా" అన్నది ముందే అడగండి. క్యారీ-ఇన్ అయ్యి సర్వీస్ సెంటర్ విశాఖలో ఉంటే, రిపేరుకొచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు పూట పాడుచేసుకుని మోసుకెళ్లాలి.

వంశధార_గట్టు

ఆదివారం విశాఖ వెళ్తున్నాం, ఇది ప్రింట్ తీసుకుని. టీ480లో ఒకే 16 జీబీ ర్యామ్ స్టిక్కు ఉంటే రెండో స్లాట్‌లో ఇంకోటి మేమే పెట్టుకోవచ్చా?

గంటస్తంభం_హార్డ్‌వేర్

పెట్టుకోవచ్చు. డీడీఆర్4 ఎస్ఓ-డిమ్ అడగండి, డీడీఆర్5 గాడి వేరే చోట ఉంటుంది, పట్టదు. ముందు బయోస్‌లో "డిసేబుల్ బిల్ట్-ఇన్ బ్యాటరీ" నొక్కి, వెనక బ్యాటరీ తీసి, అప్పుడు అడుగు మూత విప్పండి. స్టిక్కుని ఏటవాలుగా పూర్తిగా దూర్చి, కిందకి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు టక్కుమనాలి. మూత బిగించాక ఛార్జర్ పెడితేనే ఆన్ అవుతుంది. మొదటిసారి తెర కాసేపు నల్లగా ఉండిపోతుంది, కంగారుపడి పవర్ బటన్ నొక్కెయ్యకండి. కొత్త ర్యామ్‌ని సరిచూసుకుంటూ ఉంటుంది. రెండు నిమిషాలైనా రాకపోతే స్టిక్కు సరిగా కూర్చోలేదు, మళ్లీ తీసి పెట్టండి.