ఐదేళ్ల పాపకి ఇంట్లోనే చదువు చెప్పాలంటే ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి?

సీతమ్మధార (ఇప్పుడు బోథెల్):

అందరికీ నమస్కారమండీ. వైజాగ్ నుంచి అమెరికాలో సియాటిల్ పక్కనున్న ఈ బోథెల్‌కి వచ్చి ఇంకా నెల నిండలేదు. మావారి ప్రాజెక్టు ఏడాదో, ఏడాదిన్నరో అంటున్నారు, ఆ తర్వాత మళ్ళీ మన ఊరే. పాపకి మొన్న సంక్రాంతికే ఐదు నిండాయి. అక్కడ ఎల్‌కేజీ మధ్యలో మాన్పించి తెచ్చాం. ఇంగ్లీషు అర్థమవుతుంది గానీ కొత్తవాళ్ళ ముందు నోరు విప్పదు. ఈ కాస్త కాలానికి ఇక్కడ బళ్ళో వేసి, తీసి, మళ్ళీ అక్కడ వేసి ఎందుకులే, నేనే ఇంట్లో చెప్పుకుందామనుకుంటున్నా.

నెట్‌లో చూస్తే అందరూ వారానికో థీమ్ అంటున్నారు. ఓ వారం పెంగ్విన్లు, ఇంకో వారం గుమ్మడికాయలు. ప్రింట్లు తీయడం, కత్తిరించడం, అతికించడం. చేసి చూశాను. అతికించేదాకా బుద్ధిగా కూర్చుంటుంది. మర్నాడు పెంగ్విన్ గురించి అడిగితే "ఏ పెంగ్విన్?" అంటోంది. ప్రింటర్ ఇంకు మాత్రం అయిపోతోంది.

ఇక్కడ చట్టం ఏమంటుంది, ఎవరికైనా కాగితాలు ఇవ్వాలా? థీమ్‌లతో ఇంట్లో చెప్పినవాళ్ళు ఉంటే రోజు ఎలా గడుస్తుందో కాస్త వివరంగా చెప్పండి. మా అత్తగారు రోజూ ఫోన్‌లో "పిల్లని బళ్ళో వెయ్యలేదా ఇంకా" అంటున్నారు, ఆ టెన్షన్ ఒకటి.


అక్కయ్యపాలెం (రెడ్‌మండ్):

కాగితాల సంగతి నేను చెప్తా. వాషింగ్టన్ రాష్ట్రంలో పిల్లలకి 8 ఏళ్ళు వచ్చాకే చదువు తప్పనిసరి. మీ పాపకి ఐదు కాబట్టి ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు, మీ అత్తగారికి తప్ప. 8 దాటితే మాత్రం ఏటా సెప్టెంబర్ 15 లోపు స్కూల్ డిస్ట్రిక్ట్‌కి (మన ప్రాంతం బళ్ళు చూసే ఆఫీసు) డిక్లరేషన్ ఆఫ్ ఇంటెంట్, అంటే ఇంట్లోనే చెప్తామన్న కాగితం, ఇవ్వాలి, 11 సబ్జెక్టులు చెప్పాలి, ఏడాదికోసారి పరీక్ష పెట్టించాలి లేదా సర్టిఫికెట్ ఉన్న టీచర్‌తో మదింపు చేయించాలి. చెప్పే తల్లికో తండ్రికో కూడా అర్హత చూస్తారు. 45 క్వార్టర్ క్రెడిట్ల, అంటే సుమారు ఏడాది, కాలేజీ చదువుంటే చాలు, కాబట్టి మనవాళ్ళలో ఎక్కువమందికి అది సమస్య కాదు.

మెలిక ఒకటుంది. 6, 7 ఏళ్ళ పిల్లల్ని ఒకసారి పబ్లిక్ స్కూల్లో చేర్పిస్తే హాజరు నియమాలు మొదలవుతాయి. తర్వాత ఇంటి చదువుకి మారాలంటే ఊరికే పంపడం మానేయకండి, విత్‌డ్రా చేస్తున్నామని రాసివ్వండి.

ఇదంతా ఈ రాష్ట్రం మాట. టెక్సస్‌లో 6 నుంచే తప్పనిసరి, అయితే అక్కడ ఇంటి చదువుని ప్రైవేటు స్కూల్ కింద లెక్కేస్తారు, ముందుగా ఎవరికీ చెప్పక్కర్లేదు. రేపు మీవారిని జర్మనీ పంపిస్తే ఈ ఆలోచన పక్కన పెట్టేయండి, అక్కడ బడికి పంపాల్సిందే.


పెదవాల్తేరు (బోథెల్):

చెల్లీ, "ఏ పెంగ్విన్?" అన్న పిల్లని నేను మెచ్చుకుంటాను. తను దాన్ని చూళ్ళేదు, ముట్టుకోలేదు, మీ ఇంట్లో ఎవరూ దాని ఊసెత్తరు. గుర్తెందుకుంటుంది? వారానికో థీమ్ మార్చేది అమ్మలకి బోర్ కొట్టకుండా, పిల్లల కోసం కాదని నా అనుమానం. ఐదేళ్ళ పిల్లకి ఒక విషయంలోకి దిగడానికే వారం పడుతుంది.

పాప ఎరిగినదాన్ని తీసుకో, నెలల తరబడి నడిపించు. ఇప్పుడైతే వెతుక్కోనక్కర్లేదు, మన ఊళ్ళో తాబేళ్ళ సీజన్. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిపూట మన తీరానికొచ్చి గుడ్లు పెడతాయి కదా. అటవీశాఖ వాళ్ళు ఆ గుడ్లు సేకరించి కంచె కట్టిన హేచరీలో మళ్ళీ పాతిపెడతారు, పిల్లలు పైకొచ్చాక సముద్రంలో వదులుతారు. మా పెద్దాడికి ఐదేళ్ళప్పుడు ఆ సీజనంతా మా ఇంట్లో వేరే పాఠం లేదు.

ముందు కొలత. ఈ తాబేలు డిప్ప 60-70 సెంటీమీటర్లు ఉంటుంది. గరాజ్ గచ్చు మీద సుద్దముక్కతో అంత గీసి, పాపని పక్కన పడుకోమను. తన కాళ్ళ నుంచి ఎక్కడిదాకా వస్తుందో తనే చూసుకుంటుంది. బరువు 40 కిలోల దాకా ఉంటుంది, ఇండియన్ స్టోర్‌లో పది కిలోల బియ్యం బస్తా ఎత్తబోయినప్పుడు అలాంటివి నాలుగని చెప్పు.

తర్వాత గూడు. హోమ్ డిపో షాపులో ప్లే శాండ్ అని పిల్లలాడుకునే ఇసుక బస్తా దొరుకుతుంది, చవకే. పెద్ద ప్లాస్టిక్ టబ్బులో పోసి గొయ్యి తవ్వమను. తాబేలు వెనక కాళ్ళతో కూజా ఆకారంలో తవ్వుతుంది, మెడ సన్నగా, అడుగు వెడల్పుగా. పొడి ఇసుకలో ఎంత తవ్వినా పక్కలు కూలిపోతాయి. నువ్వేమీ చెప్పకు. కాసేపు విసుక్కోనీ. ఆ తర్వాత చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టి నీ పని చూసుకో. తడి ఇసుక నిలబడుతుందని తనే కనిపెడుతుంది, ఆ రోజు వాళ్ళ నాన్న ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగలేదు చూడు!

గుడ్లకి పింగ్‌పాంగ్ బంతులు. వాటి వ్యాసం 40 మిల్లీమీటర్లు, ఈ తాబేలు గుడ్డూ దాదాపు అంతే. ఒక గూట్లో వంద దాకా పెడుతుంది. పదేసి చొప్పున కుప్పలు పెట్టించి, లెక్కపెట్టించి గోతిలో వేయించు. మావాడు 59 తర్వాత 70 అనేవాడు. వర్క్‌షీట్లతో పోలేదు ఆ అలవాటు, బంతులు చేతిలో ఉంటే పోయింది. ఇసుక కప్పాక ఫ్రిజ్ మీద ఓ కాగితం అంటించి 60 గళ్ళు గీయి. గుడ్లు పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. రోజుకో గడి పాపే కొట్టేయాలి. ఈ పాఠం ఎన్నాళ్ళు నడపాలో తాబేలే చెప్పేసింది, నీకు ప్లానింగ్ తప్పింది.

ఈలోగా చేయడానికి బోలెడుంది. ఇసుక వేడిగా ఉంటే గూట్లోంచి ఆడపిల్లలు ఎక్కువ వస్తాయి, చల్లగా ఉంటే మగపిల్లలు. రెండు గ్లాసుల్లో ఇసుక పోసి ఒకటి హీటర్ దగ్గర, ఒకటి కిటికీ దగ్గర పెట్టి థర్మామీటర్ చూపించు. అంకెలు చదవడం వచ్చేస్తుంది. ఇంకో ఆట: పిల్ల తాబేళ్ళు రాత్రి పైకొచ్చి వెలుతురున్న వైపుకి పాకుతాయి. ఆకాశం వెలుగు పడి సముద్రం వైపు కాస్త తెల్లగా ఉంటుంది, అదే వాటికి దారి. బీచ్ రోడ్డు లైట్లు ఎక్కువైతే దారి తప్పి రోడ్డెక్కుతాయి. గదిలో లైట్లన్నీ ఆర్పి, ఓ మూల టార్చ్ పెట్టు, పాపని బోర్లా పాకమను. తర్వాత రెండో మూల ఇంకా పెద్ద లైటు వెయ్యి. మావాడు నేల మీదే ఆగిపోయి "మరి లైట్లు ఆర్పెయ్యొచ్చు కదా వాళ్ళు" అన్నాడు. వాడు రాసిన మొదటి ఉత్తరం అదే, వాళ్ళ తాతయ్యకి, బీచ్ రోడ్డు లైట్లు ఆర్పించమని. ఐదు మాటలు, నాలుగు తప్పులు.

ఇక కొందరికి నచ్చని మాట. థీమ్‌తో చదవడం రాదు. తాబేలు చుట్టూ ఎన్ని ఆటలాడినా అక్షరాలు అక్షరాలుగా, శబ్దాలు శబ్దాలుగా రోజూ ఓ పావుగంట విడిగా చెప్పాల్సిందే, థీమ్ ఏదైనా సరే. లెక్కలకి ఇంకో పావుగంట. అది అయ్యాకే టబ్బు మూత తీసేది. మొత్తం కలిపి పొద్దున గంటన్నర దాటకూడదు. బడిలో ఆరు గంటలుంటారు కదా, మనమూ అంతసేపు కూర్చోబెట్టాలేమో అని బెంగపెట్టుకోకు, అక్కడ ఇరవైమందికి ఒక టీచరు. మిగతా రోజంతా లైబ్రరీ, పార్కు, వంటింట్లో నీ పక్కన. కింగ్ కౌంటీ లైబ్రరీ కార్డు ఉచితం. స్టోరీ టైమ్‌కి వారం వారం తీసుకెళ్ళు, నోరు విప్పకపోయినా ఫర్వాలేదు, కూర్చోనీ.

సూర్యుడి పాఠం మాత్రం ఈ పదిరోజుల్లోనే చేసెయ్. ఇప్పుడు మనకీ వైజాగ్‌కీ 13న్నర గంటల తేడా. జనవరి చివర్లో అక్కడ పొద్దున ఆరున్నరకి సూర్యోదయం, అప్పుడు ఇక్కడ ముందురోజు సాయంత్రం ఐదు, మనకి సూర్యాస్తమయం. మీ నాన్నగార్ని ఆర్కే బీచ్‌కి నడకకి వెళ్ళి వీడియో కాల్ చేయమను, నువ్వు పాపని ఎడ్మండ్స్ బీచ్‌కి తీసుకెళ్ళు. ఒకే సూర్యుడు తాతయ్యకి నీళ్ళలోంచి లేస్తుంటాడు, పాపకి నీళ్ళవతల దిగుతుంటాడు. తర్వాత ఇంటికొచ్చి గ్లోబూ టార్చీ తీస్తే ఇక వివరించే పనే ఉండదు. మబ్బు లేని రోజు దొరకాలి, అదొక్కటే, ఈ ఊరి సంగతి నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.


గాజువాక (కెంట్):

అక్క చెప్పినవన్నీ బాగున్నాయి, కాదనను. కానీ మాట పెగలని పిల్ల ఇంట్లో అమ్మతోనే ఉంటే నోరెలా విప్పుతుందండీ? ఆగస్టు 31కి ఐదు నిండితేనే ఆ ఏడు కిండర్‌గార్టెన్ కాబట్టి మీకెలాగూ ఇప్పుడు నడుస్తున్న విద్యాసంవత్సరంలో లేదు, వచ్చే సెప్టెంబర్‌లో అర్హత వస్తుంది. పబ్లిక్ స్కూల్లో ఫీజు లేదు, రోజంతా ఉంటుంది, ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలకి ఇంగ్లీషులో విడిగా సాయం చేస్తారు. మా అమ్మాయి మూడు నెలలు పెదవి కదపలేదు, నాలుగో నెలలో టీచర్ ఫోన్ చేసి క్లాసులో మాట్లాడుతూనే ఉంటోంది అని ఫిర్యాదు. సెప్టెంబర్ దాకా తాబేళ్ళు పెంచండి, తర్వాత పంపించి చూడండి. రెండూ చేసిన పిల్లకి నష్టమేమీ లేదు.


మల్కాపురం (ఆస్టిన్):

తాబేళ్ళయ్యాక సబ్‌మెరైన్ పెట్టుకోండి. పాప బీచ్‌లో ఐఎన్ఎస్ కుర్సురా ఎక్కే ఉంటుంది. 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైంది, మరుసటేడు మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు, పార్కింగ్ లాట్‌లో అడుగులు వేసి కొలవమంటే అలసిపోయి ఆ రోజు తొందరగా నిద్రపోతారు.

అసలు పని ఇంట్లో. రెండు లీటర్ల సీసా నిండా నీళ్ళు పోయండి. మందుల డ్రాపర్‌లోకి కొంచెం నీళ్ళు లాగి, నిలువుగా తేలీ తేలనట్టు ఉండేలా చూసి సీసాలో వేసి మూత బిగించండి. సీసా నొక్కితే డ్రాపర్‌లోకి నీళ్ళు ఇంకొంచెం ఎక్కి బరువై దిగుతుంది, వదిలితే లోపలి గాలి వాటిని నెట్టేసి పైకొస్తుంది. సబ్‌మెరైన్ కూడా ట్యాంకుల్లో సముద్రపు నీళ్ళు నింపుకుని మునుగుతుంది, గాలితో వాటిని గెంటేసి తేలుతుంది. డ్రాపర్‌లో ఎన్ని నీళ్ళుండాలో సరిగ్గా కుదరడానికి టైమ్ పడుతుంది. అది పాప ముందే చేయండి, ముందే సిద్ధం చేసి మ్యాజిక్‌లా చూపిస్తే సగం మజా పోతుంది.


ఎంవీపీ కాలనీ (ఎక్కడికీ వెళ్ళలేదు, మనవలు మీ దగ్గరున్నారు):

అమ్మాయీ, నేను ముప్పై ఏళ్ళకు పైగా చిన్న తరగతులకే చెప్పి రిటైరయ్యాను. తిరిగొచ్చాక ఏమవుతుందని భయం పెట్టుకోకు. ఒకటో తరగతికి ఆరేళ్ళు నిండాలని ఇప్పుడు జాతీయ విద్యావిధానం చెప్తోంది, మీరొచ్చేసరికి మీ పాపకి సరిగ్గా ఆ వయసే. బళ్ళో చదవని పిల్లనైనా వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోవాలని 2009 విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్‌లో ఉంది. ప్రైవేటు బడుల్లో పేరూ ఊరూ అడిగి, నాలుగు మాటలు చదివించి చూస్తారు, అంతే. పాప పుట్టిన తేదీ సర్టిఫికెట్ జాగ్రత్తగా ఉంచుకో.

మీరంతా చూసుకోనిది తెలుగు. తిరిగొచ్చిన పిల్లలు ఒకటి రెండు తరగతుల్లో ఏడ్చేది తెలుగు పీరియడ్‌లోనే. అచ్చులూ హల్లులూ బియ్యప్పళ్ళెంలో వేలితో దిద్దించు, గుణింతాలకి తొందరలేదు. పాప చెప్పిన కథ నువ్వు పెద్దక్షరాలతో రాసి, దాన్నే తనచేత చదివించు. తన మాటలు కాబట్టి తడుముకోదు. సాయంత్రం చుక్కల ముగ్గు పెట్టించు, చెయ్యి తిరుగుతుంది. వామనగుంటలకి రెండు వరసల్లో ఏడేసి గుంటలు కావాలి, కాగితం కప్పులు వరసగా పెట్టుకున్నా ఆట ఆగదు. చింతపిక్కలు సూట్‌కేసులో పంపమని మీ అమ్మని అడగకు, విత్తనాలకి అక్కడ కస్టమ్స్ దగ్గర పేచీ. గింజ తీయని చింతపండు అక్కడి దుకాణాల్లోనే దొరుకుతుందిట, మా కోడలు అందులోంచే తీసింది.


సీతమ్మధార (బోథెల్):

అందరికీ చాలా థాంక్సండీ. మాస్టారూ, మీ మాటలు స్క్రీన్‌షాట్ తీసి మా అత్తగారికి పంపించాను, ఇంకా జవాబు రాలేదు. పెదవాల్తేరు అక్కా, ఒక్క సందేహం. మాది రెండో అంతస్తు అపార్ట్‌మెంట్, కార్పెట్. గరాజ్ లేదు. ఇసుక ఎక్కడ పెట్టను? పింగ్‌పాంగ్ బంతులు వంద కొనాలా నిజంగా?


పెదవాల్తేరు (బోథెల్):

ఇసుకని బాత్‌టబ్‌లో పెట్టు, టబ్బుతో సహా, కింద పాత దుప్పటి వేసి. డ్రెయిన్‌కి జాలీ బిగించుకో, ఇసుక పైపులోకి పోతే లీజింగ్ ఆఫీసువాళ్ళు వదలరు. కొలత గీయడానికి కింద పార్కింగ్ దగ్గర కాలిబాట చాలు, వానకి అదే పోతుంది. బంతులు కొనకు, మావి అటక మీదున్నాయి, కొన్ని కుక్క కొరికింది గానీ ఇంకా తొంభై దాకా ఉంటాయి. తక్కువైనవి ఎన్నో పాపనే లెక్కపెట్టమను. శనివారం మధ్యాహ్నం భోజనానికి రండి, పులిహోర చేస్తాను. మా వాళ్ళిద్దరూ తెలుగే మాట్లాడతారు కాబట్టి పాప బెదరదు. డబ్బా ఏదైనా తెచ్చుకో, ఇసుక కూడా ఓ సగం బస్తా మిగిలుంది.