నా అధివాస్తవిక స్వీయచిత్రాలు అతికించినట్టు ఎందుకు కనిపిస్తున్నాయి?

నూలుపోగు, పొందూరు:

అందరికీ నమస్కారం. నాకు 24 ఏళ్లు. ఫొటోగ్రఫీ ఎక్కడా నేర్చుకోలేదు. రెండేళ్లుగా ఒక ఫోను, సెకండ్ హ్యాండ్‌లో కొన్న ట్రైపాడ్ పెట్టుకుని పెరట్లోనూ మేడ మీదా నా బొమ్మలు నేనే తీసుకుంటున్నాను. జరగడానికి వీల్లేనిదని తెలుస్తూనే ఎప్పుడో జరిగిందేమో అనిపించే అధివాస్తవిక (సర్రియల్) చిత్రాలు తీయాలన్నది నా కోరిక.

మా అమ్మమ్మ నూలు వడికేది. ఇక్కడ కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆమె పోయాక ఆమె నులక మంచానికి రెండడుగుల పైన, ఆమె ఖద్దరు చీర కట్టుకుని, గాలిలో పడుకున్నట్టు ఒక చిత్రం తీయాలనుకున్నాను. మంచం పక్కన ఎత్తు స్టూలు వేసి, దాని మీద బోర్లా పడుకుని, పది సెకన్ల టైమర్‌తో తీసుకున్నాను. తర్వాత నన్ను కత్తిరించి, విడిగా తీసిన మంచం ఫొటో మీద పెట్టాను. నెలరోజుల్లో నాలుగుసార్లు చేసినా పెళ్లి ఫ్లెక్సీలో తల అతికించినట్టే ఉంది. ఒక ఆన్‌లైన్ పోటీకి పంపితే ‘కట్ పేస్ట్’ అని ఒక్క మాట రాసి తిప్పి పంపారు. ఆ మాట బాధ కలిగించినా, అందులో అబద్ధమేమీ లేదు.

లోపం ఎక్కడుందో చెప్పగలరా? ఇంకో సందేహం కూడా ఉంది. నాకు తట్టే ఊహలన్నీ నెట్‌లో ఎవరో ఒకరు చేసేసినవే అవుతున్నాయి. సొంత ఊహ అనేది ఎలా వస్తుంది?

ఇసుకతిన్నె, కళింగపట్నం:

నూలుపోగు గారూ, మీరు చెప్పిన దాన్నిబట్టి తప్పు అతికించడంలో కంటే ముందే, తీసేటప్పుడే జరిగింది. నేనూ గురువు లేకుండా ఇసుకలో పడి నేర్చుకున్నవాణ్నే కాబట్టి ఈ తప్పులన్నీ నాకు బాగా తెలుసు.

మొదట ఫోను సంగతి. ఆటోలో ఉన్న ఫోను ప్రతి ఫొటోకూ వెలుగునూ రంగునూ కొత్తగా లెక్క వేసుకుంటుంది. మీరు తెల్ల ఖద్దరుతో ఫ్రేములోకి రాగానే అది వెలుగు తగ్గిస్తుంది, దాంతో వెనక గోడ ఒక ఛాయ నల్లబడుతుంది. ఖాళీ మంచం ఫొటోలో అదే గోడ తెల్లగా ఉంటుంది. ఆ తేడా ఇదీ అని చెప్పలేకపోయినా, చూసేవాళ్ల కన్ను దాన్ని పట్టేస్తుంది. అందుకని ప్రో మోడ్‌లో, అంటే సెట్టింగులు మనమే పెట్టుకునే పద్ధతిలో, ఐఎస్ఓ (వెలుగుకు ఫోను ఎంత స్పందించాలన్నది), షట్టర్ (వెలుగును ఎంతసేపు లోపలికి రానివ్వాలన్నది), వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ), ఫోకస్ నాలుగింటినీ స్థిరపరచండి. ఆ తర్వాత ట్రైపాడ్‌ను కదపకుండా, స్టూలు తీసేసిన ఖాళీ ఫ్రేము ఒకటి, మీరున్నవి కొన్ని, అన్నీ పది నిమిషాల లోపలే తీసేయండి. ఆలస్యమైతే ఎండ జరిగిపోతుంది. ఫోనును ముట్టుకోకుండా చిన్న బ్లూటూత్ రిమోట్ వాడితే మేలు.

ఇలా తీస్తే మిమ్మల్ని కత్తిరించే అవసరమే రాదు. మీరున్న ఫ్రేమును పైన, ఖాళీ ఫ్రేమును కింద ఉంచి, లేయర్ మాస్క్ (పై ఫొటోలో కావలసిన భాగాన్ని మాత్రమే దాచే పొర) మీద నల్లరంగు బ్రష్‌తో స్టూలు ఉన్నచోట మాత్రమే తుడవండి. స్టూలు పోయి, దాని వెనకనున్న అసలు గోడ, అసలు మంచం బయటపడతాయి. కంప్యూటరు ఉంటే గింప్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఈ పనికి అది సరిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది నీడ. స్టూలు నీడను తుడిచేయాలి, మీ నీడను మాత్రం మంచం మీద ఉండనివ్వాలి. గాలిలో ఉన్న మనిషిని నమ్మించేది కింద పడిన ఆ నీడే. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఈ రెండు నీడలూ కలిసిపోయి విడదీయడం కష్టమవుతుంది. మబ్బు పట్టిన రోజున గానీ, సాయంత్రం గోడనీడ పడ్డాక గానీ తీస్తే నీడలు మెత్తగా ఉండి పని సులువవుతుంది.

తర్వాతది బరువు. స్టూలు మీద పడుకున్న పొట్ట నొక్కుకుపోతుంది, కాళ్లు వేలాడతాయి, జుట్టు తిన్నగా కిందికి జారుతుంది. ఇవన్నీ ‘ఈమె దేనిమీదో ఆనుకుని ఉంది’ అని చెప్పేస్తాయి. పాదాలను చివరిదాకా చాచి పట్టండి, చీర కుచ్చెళ్లను స్టూలు అంచు దాటించి కిందికి వదలండి, పైటకొంగుకు గేలం దారం కట్టి ఎవరినైనా పక్కనుంచి లాగమనండి. 1948లో ఫిలిప్ హాల్స్‌మన్ అనే ఫొటోగ్రాఫరు, అధివాస్తవిక చిత్రకారుడు సాల్వడార్ డాలీని పిల్లులూ నీళ్లూ గాలిలో ఎగురుతుండగా తీసిన ఫొటో మీరు చూసే ఉంటారు. అందులో ఈజిల్‌ను (బొమ్మ వేసే స్టాండును) తీగలతో వేలాడదీశారు, కుర్చీని పక్కనుంచి ఒకరు పట్టుకున్నారు, అనుకున్నట్టు రావడానికి 28 సార్లు ప్రయత్నించారు. మీరు చేసినవి నాలుగే కదా!

కోటవీధి, విజయనగరం:

అమ్మా, నేను ముప్పై ఏళ్లు స్టూడియోలో పనిచేశాను. రీలు రోజుల్లో ఒకే మనిషి ఇద్దరిగా కనిపించే ‘డబుల్ యాక్షన్’ ఫొటో కావాలని కుర్రవాళ్లు వచ్చేవారు. లెన్సులో సగాన్ని నల్ల అట్టతో మూసి ఒకసారి, రెండో సగాన్ని మూసి మరోసారి, ఒకే ఫిల్ము ముక్క మీద తీసేవాళ్లం. అట్ట వెంట్రుకవాసి జరిగినా మధ్యలో నల్లగీతో తెల్లగీతో పడేది. అందుకని మా గురువుగారు ఆ అతుకును ఎప్పుడూ ద్వారబంధం అంచు మీదికో, గోడ మూల మీదికో వచ్చేలా చూసుకునేవారు. అక్కడ ముందే ఒక గీత ఉంటుంది కనుక ఇంకో గీతను ఎవరూ వెతకరు. నీ చిత్రంలోనూ అతుకును మంచం పట్టె వెంబడి నడిపించు. సాపుగా ఉన్న గోడ మధ్యలో పెట్టకు.

ఇంకొక మాట. చిన్నప్పటినుంచీ పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం చూస్తున్నాను. అంత పొడవు మాను చివరన పూజారి కూర్చుని జనం తలల మీదుగా ఆకాశంలో సాగిపోతుంటే, కింద మాను ఉందని తెలిసినా ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఆయన ముఖంలో గాలిలో ఉన్నానన్న ఆశ్చర్యమేమీ కనిపించదు. నీ ఫొటోలో కూడా నువ్వు ఎగురుతున్నట్టు నటించకు, నిద్రపోయినట్టు ఉండు.

నీలినీడ, శ్రీకాకుళం:

రెండో ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను రాస్తున్నాను. అధివాస్తవికత అనగానే డాలీ గీసిన కరిగే గడియారాలే గుర్తొస్తాయి గానీ, అది మనకు పరాయిదేమీ కాదు. తెలుగు కవిత్వంలోకి దాన్ని తెచ్చినవారిలో ఒకరైన శ్రీరంగం నారాయణబాబు విజయనగరం వారే. స్వీయచిత్రంలో కల్పన కూడా ఫొటోగ్రఫీ అంత పాతది. 1840లోనే హిప్పోలైట్ బయార్డ్ అనే ఫ్రెంచివాడు, తాను కనిపెట్టిన ఫొటో తీసే పద్ధతికి గుర్తింపు దక్కలేదన్న బాధతో, నీళ్లలో మునిగి చనిపోయిన మనిషిలా తన ఫొటో తానే తీసుకున్నాడు. ఫ్రాన్సెస్కా వుడ్‌మన్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫరు 22 ఏళ్లకే పోయింది. ఆమె పాడుబడిన ఇంట్లో షట్టరును ఎక్కువసేపు తెరిచి ఉంచి, తాను కదులుతూ, గోడలో కలిసిపోతున్నట్టు తీసుకుంది. అందులో అతుకేమీ లేదు, ఉన్నదల్లా కాలమే. మీరూ ప్రో మోడ్‌లో రెండు సెకన్ల షట్టర్ పెట్టి సందె వెలుగులో ప్రయత్నించవచ్చు.

ఇక సొంత ఊహ గురించి. మీ ప్రశ్నలోనే చేప దవడతో పత్తి దువ్వే అమ్మమ్మ ఉంది. లోకంలో ఎక్కడివాళ్లకైనా అది కలలో దృశ్యంలా ఉంటుంది, మీకు మాత్రం అది రోజూ చూసిన పని. గాలిలో తేలడం ఎవరైనా చేస్తారు. ఆ దవడను మీ చేతిలో పెట్టుకోండి.

నూలుపోగు, పొందూరు:

అందరికీ కృతజ్ఞతలు. మొన్న మబ్బు పట్టిన సాయంత్రం మళ్లీ తీశాను. మా తమ్ముడు గేలం దారంతో కొంగు లాగాడు. అన్నీ స్థిరపరిచి 31 ఫ్రేములు తీస్తే పందొమ్మిదోది నిలిచింది. అతుకు మంచం పట్టె వెంట పోయింది, నీడ నులక మీద మెత్తగా పడింది. ఈసారి బోర్లా కాకుండా పక్కకు తిరిగి, కళ్లు మూసుకుని పడుకున్నాను. చేతిలో అమ్మమ్మ దవడ ఎముక ఉంది. దాని సన్నటి పళ్ల మధ్య ఆమె చివరిసారి దువ్విన పత్తి పోగులు రెండు ఇంకా అలాగే చిక్కుకుని ఉన్నాయి. పెద్దది చేసి చూసేదాకా నేనూ గమనించలేదు.

ఫొటో చూసి మా అమ్మ ‘ఎలా తీశావు’ అని అడగలేదు. ‘మంచం మీద దుప్పటి వేయలేదేమే’ అంది. వచ్చే ఆదివారం దుప్పటి వేసి మళ్లీ తీస్తాను.