ఇండోనేషియాలో పెరిగే పిల్లలు: ఇంటికో పద్ధతి, ఏది నేర్పాలి?

సురబాయ అమ్మ:
మా ఆయన ఉద్యోగం వల్ల సురబాయలో ఉంటున్నాం. పాపకి తొమ్మిదేళ్లు, ఇక్కడి స్కూల్లోనే వేశాం. సోమవారం తెల్ల చొక్కా, ఎర్ర స్కర్టు వేసుకుని జెండా వందనానికి వెళ్తుంది. పెద్దవాళ్లు కనిపిస్తే వాళ్ల చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకుంటుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ క్లాసులో జావా, మదురా దీవుల పిల్లలు, చైనీస్ పిల్లలు, సుమత్రా నుంచి వచ్చిన బతక్ తెగ పిల్లలు అందరూ ఉన్నారు. ఎవరింట్లో ఏం తినొచ్చు, ఎలా మాట్లాడాలి అని రోజూ అడుగుతుంది. నాకు టెన్షన్. ఇంతమంది మధ్య పెరిగితే దానికి తనదంటూ ఏం ఉంటుంది? ఇక్కడే పెరిగినవాళ్లు చెప్పండి.

మేడాన్ పిల్ల:
అమ్మది జావాలోని సోలో ఊరు, నాన్నది గుంటూరు. మాది క్యాథలిక్ కుటుంబం. నేను పుట్టి పెరిగింది సుమత్రాలోని మేడాన్‌లో. మీ పాప అడుగుతున్న ప్రశ్నలన్నీ నేనూ అడిగాను.

మా ఇంట్లో అమ్మ పట్టుదల ఒకటే. సోలో అమ్మమ్మతో మర్యాద జావానీస్‌లో, అంటే క్రోమోలో మాట్లాడాలి. తమ్ముడితో మాట్లాడే మామూలు జావానీస్, అంటే ఙోకో, ఆవిడ ముందు నోరు జారితే అమ్మ అక్కడే ఆపి మళ్లీ చెప్పించేది. పెద్దల ముందు నుంచి వెళ్లాలంటే నడుం వంచి, కుడిచెయ్యి కిందికి చాపి వెళ్లాలి. అదే మేడాన్‌లో గుమ్మం దాటితే అందరూ గట్టిగా, మొహం మీదే మాట్లాడతారు. అది కోపం కాదు, వాళ్ల తీరే అంత. సెలవులకి సోలో వెళ్తే మా గొంతు విని చుట్టాలు ఉలిక్కిపడేవాళ్లు.

బతక్ స్నేహితురాలి ఇంటికి మొదటిసారి వెళ్లినప్పుడు వాళ్ల బామ్మ నా మార్గా ఏంటని అడిగింది. మార్గా అంటే మన గోత్రం లాంటిది, ఒకే మార్గా వాళ్లు పెళ్లి చేసుకోరు. అది తెలిస్తేనే ఎవరు ఎవరికి ఏమవుతారో వాళ్లు తేల్చుకుంటారు. నాకు మార్గా లేదు. మా అమ్మకైతే ఇంటిపేరే లేదు, జావాలో చాలామందికి ఉన్నట్టే ఒకే పేరు. ఆ బామ్మ కాసేపు ఆలోచించి, "నన్ను ఓపుంగ్ అని పిలువు" అంది, అంటే బామ్మ అని. ఆ రోజు నుంచి నేను వాళ్ల మనవరాలినే. వాళ్ల పెళ్లిళ్లలో పంది మాంసం తప్పనిసరి. అయినా ముస్లిం అతిథులకి వేరే పాత్రల్లో వేరే వంట, వేరే చోట వడ్డన. ఎవరూ అడగక్కర్లేదు.

అన్నీ తీపి జ్ఞాపకాలేనని చెప్పలేను. పక్కింటి స్నేహితురాలిది హోక్కియెన్ మాట్లాడే చైనీస్ కుటుంబం. 1967లో అప్పటి పాలకుడు సుహార్తో ప్రభుత్వం చైనీస్ పండుగలు బహిరంగంగా చేసుకోకూడదని ఆదేశం ఇచ్చింది. అందుకే మా చిన్నప్పుడు ఇమ్లెక్, అంటే చైనీస్ కొత్త సంవత్సరం, తలుపులు వేసుకుని చేసుకునే పండుగ. సెలవు కూడా ఉండేది కాదు, ఆ పిల్ల బడికి వచ్చేది. ఆమెకి బడిలో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు. 1998 మేలో చైనీస్ వాళ్ల మీద అల్లర్లు జరిగినప్పుడు వాళ్ల పిల్లలు మా ఇంట్లోనే పడుకున్నారు. మా అమ్మ రాత్రంతా ముందు గదిలో కూర్చుంది. 2000లో అధ్యక్షుడు అబ్దుర్రహ్మాన్ వాహిద్ ఆ ఆదేశం ఎత్తేశారు. 2003 నుంచి ఇమ్లెక్ జాతీయ సెలవు. మొదటిసారి వీధిలో సింహం ఆట చూసినప్పుడు ఆ పిల్ల వాళ్ల నాన్న ఏడ్చారు. నేను ఇండోనేషియన్‌ని అని అనుకున్నప్పుడల్లా ఆయనే గుర్తొస్తారు.

కాబట్టి మీ పాపని పిలిచిన ప్రతి ఇంటికీ పంపండి. లెబరాన్‌కి, అంటే రంజాన్ పండుగకి, పక్కింటికి తీసుకెళ్లండి, ఆకులో ఉడికించిన అన్నం ముద్ద కెటుపట్ తిననివ్వండి. ఏది తినదో ముందే చెప్తే ఎవరూ నొచ్చుకోరు. తనదంటూ ఏం ఉంటుందంటారా? ఆ ఇళ్లన్నీ ఉంటాయి.

జావాలోని యోగ్యకర్త ఊరి నుంచి:
పై మాటలకి ఒకటి కలుపుతాను. మా పక్కింటి ముస్లిం కుటుంబంలో పెద్దబ్బాయి పేరు విస్ను, అంటే మన విష్ణువే, కోడలు దేవి. తోలుబొమ్మలాట ఉంటే వాళ్ల తాతయ్య తెల్లవార్లూ కూర్చుని చూస్తాడు. ప్రంబానన్ గుడి దగ్గర రామాయణ నృత్యంలో వేసేవాళ్లలో చాలామంది ముస్లింలే. మా బాబుకి భీముడు, అర్జునుడి కథలు ఆయన చెప్పినంత బాగా నేను చెప్పలేను. మీ ఇంట్లో ఉన్నది ఆ ఊళ్లోనూ కొంత దొరుకుతుందండి, వెతకండి.

సురబాయ అమ్మ:
చదువుతుంటే కళ్లు చెమర్చాయి. ఇంకొక్కటి. స్కూల్లో మతం పాఠం ఉంది. మాది హిందూ కుటుంబం, మా పాప ఒక్కతే. ఆ పీరియడ్‌లో లైబ్రరీలో కూర్చోబెడుతున్నారు.

మేడాన్ పిల్ల:
అది ఊరుకోకండి. 2003 విద్యా చట్టం ప్రకారం ప్రతి విద్యార్థికీ తన మతం పాఠం, అదే మతానికి చెందిన టీచరు దగ్గర నేర్చుకునే హక్కు ఉంది. స్కూల్లో టీచరు లేకపోతే చాలా ఊళ్లలో బాలీ హిందువుల గుడిలో, అంటే పూరాలో, ఆదివారం క్లాసులు పెడతారు, అక్కడి మార్కులు స్కూలుకి పంపిస్తారు. సురబాయలో పెద్ద పూరా ఉంది, వెళ్లి అడగండి. అక్కడి పద్ధతులు మన గుడిలా ఉండవు, పాపకి ముందే చెప్పండి. నడుముకి సెలెందంగ్ అనే గుడ్డ పట్టీ కట్టుకోవాలి, అదొకటి కొనిపెట్టండి.