‘మీడియం రేర్’కు తెలుగు మాట: ‘దోర’ సరిపోతుందా?

నార్కట్‌పల్లి (అడిగినవారు):
విజయవాడ హైవే మీద ఒక స్టేక్ (మందంగా కోసి కాల్చిన మాంసం ముక్క) రెస్టారెంట్ తెరుస్తున్నారు. మెనూలో ఇంగ్లీషు పక్కన తెలుగు కూడా ఉండాలంటున్నారు. వంటకాల పేర్లతో ఇబ్బంది లేదు. మాంసం ఎంత కాల్చాలో చెప్పే అయిదు మెట్ల దగ్గరే ఆగిపోయింది: రేర్, మీడియం రేర్, మీడియం, మీడియం వెల్, వెల్ డన్. వీటికి ‘పచ్చి, సగం పచ్చి, సగం ఉడికినది, ముప్పావు ఉడికినది, పూర్తిగా ఉడికినది’ అని ఒకరు రాసిచ్చారు. ‘పచ్చి’ అని చదివి మనవైపు ఎవరు తెమ్మంటారు? పైగా ఇది ఉడికించేది కాదు, కాల్చేది. మీడియం రేర్‌కు ‘దోర’ అంటే ఎట్లుంటది?

దేవరకొండ:
దోర మంచి మాట. కాని వంటింట్లోకి వచ్చేసరికి దాని అర్థం జరిగింది, అది చూసుకోవాలె. కాయకు వాడినప్పుడు అది లోపలి సంగతి చెప్తది: పచ్చికాయ, దోరకాయ, పండు. దోరజామ కొరికితే గట్టిగనే ఉంటది, తీపి అప్పుడే మొదలైతది. ఆ లెక్కన మీడియం రేర్‌కు అతికినట్టే ఉంది. అదే పొయ్యి దగ్గర, ‘పల్లీలు దోరగ వేయించు’, ‘ఉల్లిగడ్డ దోరగ వేగనియ్యి’ అంటే మాట మొత్తం పైరంగు గురించే. ‘దోరగా కాల్చిన స్టేక్’ అని చదివినోళ్లకు పైన మంచిగ వేగింది అని తోస్తది తప్ప లోపల ఎర్రగ ఉంటదని తట్టదు. ముక్క కోసి చూసి అదిరిపడుతరు. మెట్టు పేరుగా వద్దు. వర్ణనలో ‘పైన దోరగా’ అని రాయండి, అక్కడ సరిగ్గ కుదురుతది.

షాద్‌నగర్ (వంటశాల పని):
సార్ చెప్పింది నిజం. అయిదు మెట్లకూ పైపొర ఒక్కటే. రేర్ అయినా వెల్ డన్ అయినా పైన గోధుమరంగు పట్టాల్సిందే. ఆ రంగు, ఆ వాసన రావాలంటే మాంసం పైభాగం 140 డిగ్రీలు దాటాలె. తడి ఉంటే నీళ్లు ఆవిరైపోయేదాక అది 100 దగ్గరే ఆగుతది, ముక్క వేగకుండ ఉడుకుతది, బూడిదరంగు వస్తది. అందుకే పెంక మీద వేసే ముందు బట్టతో తడి అద్దాలె. ఉప్పు వేస్తే వేసిన వెంటనే పెంక ఎక్కించాలె, లేదంటే 40 నిమిషాల ముందే వేసి పెట్టాలె. నడుమ పది, పదిహేను నిమిషాలకు వేస్తే ఉప్పు లాగిన నీళ్లన్నీ పైన్నే నిలుస్తయి.

తేడా అంతా నడుమ వేడిలో ఉంటది. వడ్డించేటప్పుడు ముక్క నడుమ రేర్ 50 డిగ్రీలు, మీడియం రేర్ 55, మీడియం 60, మీడియం వెల్ 65, వెల్ డన్ 70 పైన. రెండు మూడు డిగ్రీలు అటుఇటు. థర్మామీటర్ పక్క నుంచి గుచ్చి మొన నడిమధ్యకు చేర్చాలె. పైనుంచి గుచ్చితే మొన నడుము దాటి కిందికి పోతది, లెక్క తప్పు చూపిస్తది. దించినంక కూడా లోపల మూడు నుంచి అయిదు డిగ్రీలు ఎక్కుతది, కాబట్టి అంత ముందే దించి అయిదు నిమిషాలు ఆపాలె. ఆపకుండ కోస్తే నీళ్లన్నీ ప్లేట్లకు పోతయి.

‘ఉడికీ ఉడకని’ అన్న పాత మాట కూడా రాయొద్దన్నా. మన దగ్గర అది వంట చెడింది అని చెప్పే మాట.

గద్వాల:
సంస్కృతం నుంచి తెచ్చుకోవాలంటే ‘శూల్యం’ ఉంది. అమరకోశంలో చువ్వకు గుచ్చి కాల్చినదానికి శూలాకృతం, భటిత్రం, శూల్యం అని పేర్లు. కుండలో వండినది ఉఖ్యం, పైఠరం. కాల్చినది వేరు, వండినది వేరు అని అంత స్పష్టంగా విడదీసిన్రు. ఇంగ్లీషు స్టేక్ కూడా పాత నార్స్ భాషలో కర్రకు గుచ్చి కాల్చుడు నుంచి వచ్చిందే. అంటే రెండు మాటల పుట్టుక ఒక్కతీరే.

దేవరకొండ:
పుట్టుక కుదిరింది కాని ఇవాళ్టి స్టేక్ చువ్వ ఎక్కదు గద. పెంక మీదనో జాలీ మీదనో పడుకుంటది. ‘శూల్యమాంసం’ అని వేస్తే జనం సీకు కబాబ్ అనుకుంటరు. స్టేక్‌ను స్టేక్ అనే రాద్దాం. ‘స్టీక్’ అని బోర్డుల మీద కనిపిస్తది, అది తప్పు.

నల్లగొండ:
లేత–ముదురు జంట గుర్తుకు రాలేదా ఎవరికీ? బెల్లానికి లేతపాకం, ముదురుపాకం ఉన్నయి. మెట్లు చెప్పడానికి తెలుగులో అంతకన్న సహజమైన జంట లేదు. లేతకాలుపు, నడిమికాలుపు, ముదురుకాలుపు అనొచ్చు గద?

మహబూబ్‌నగర్ (మటన్ వ్యాపారం):
వినడానికి బాగుంది కాని మెనూలో గొడవైతది. లేత అంటే మా దుకాణంల జీవం వయసు. ‘లేత యాట’, ‘ముదురు పొట్టేలు’ అని అడుగుతరు. ‘ముదురుకాలుపు’ అని చదివినోడు ముదురు మాంసం పెట్టిన్రనుకుంటడు. ముదురు అని రాసినదానికి ఎక్కువ పైసలు ఎవరిస్తరు?

కోతల పేర్లు కూడా చూసుకోండి. మన దుకాణాల్ల రాన్ అంటే తొడ, దస్తీ అంటే జబ్బ, సీనా అంటే రొమ్ము, చాంప్ అంటే పక్కబొక్కల ముక్క, పుట్ట్ అంటే వీపు. స్టేక్‌కు వీపు, చాంప్ పనికొస్తయి, ఎందుకంటే జీవం ఆ కండను తక్కువ వాడుతది. జబ్బ, మెడ ఎక్కువ పనిచేసే కండలు, వాటిల్ల నరాలు, పొరలు ఉంటయి. అవి కరగాలంటే గంటలకొద్ది సన్నసెగ కావాలె. పెంక మీద పది నిమిషాల్ల కరగవు, రబ్బరు లెక్క సాగుతయి. బర్రె మాంసంల అండర్‌కట్ అడగాలె, అది వీపు కింద లోపలివైపు ఉండే మెత్తటి కండ. దాంట్ల కొవ్వు తక్కువ, మీడియం దాటిస్తే ఎండిపోతది. చివరి నిమిషంల వెన్న పోసుకుంట తిప్పాలె.

ఇంకొకటి. పొద్దున కోసిన మాంసం పొద్దున్నే కూరకు బాగుంటది, స్టేక్‌కు కాదు. కోసిన కొద్ది గంటలకు కండ బిగుసుకుంటది. యాటదైతే కనీసం ఒక రోజు 0 నుంచి 4 డిగ్రీల చల్లదనంల ఉంచాలె, పెద్ద జీవానిదైతే వారం, రెండు వారాలు. అట్లని కోసిన వెంటనే ఫ్రిజ్‌ల తోస్తే కండ ముడుచుకపోయి ఇంకా గట్టిపడతది. ముందు మెల్లగ చల్లారనియ్యాలె. దీనికి తెలుగుల ఏం రాయాలె? ‘నిల్వ’ అంటే పాచి అనుకుంటరు.

కల్వకుర్తి:
‘మాగబెట్టినది’. కొల్లాపూర్ మామిడిని గడ్డిల పెట్టి మాగబెడతం. చెట్టు నుంచి తెంపినంక కూడా లోపల మార్పు జరిగి మెత్తబడుడే మాగుడు. మాంసంల కూడా కండలోని ఎంజైములు పీచును విడగొట్టి మెత్తబరుస్తయి. జరిగేది అదే తీరు పని కాబట్టి మాట సరిగ్గ సరిపోతది.

నల్లగొండ:
మాంసం పక్కన ఆ ఒక్క మాటే ఉంటే జనం చెడిందనుకునే ప్రమాదం ఉంది. ‘చల్లటి గదిలో వారం రోజులు మాగబెట్టిన బర్రె మాంసం’ అని ఎక్కడో, ఎన్ని రోజులో చెప్తే ఆ అనుమానం రాదు. జీవం పేరు కూడా తప్పక రాయాలె. రాష్ట్రంలో 1977 చట్టం ప్రకారం ఆవును కోయడం నిషేధం, కాబట్టి ‘బీఫ్’ అని ఊరుకోకుండ బర్రె అని ఉండాలె. ‘పెద్దకూర’ మాటల్ల నడుస్తది కాని మెనూకు చాలదు. తినేవాళ్లకు అది తెలుసుకునే హక్కుంది.

షాద్‌నగర్ (వంటశాల పని):
ఎర్రనీళ్ల గురించి ఒక మాట. వెయిటర్లు ‘కొంచెం రక్తం ఉంటది సార్’ అంటున్నరు. అది రక్తం కాదు. కండల ఉండే మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ నీళ్లల్ల కలిసి వచ్చే రంగు. 60 డిగ్రీలు దాటుతుంటే ఆ ప్రొటీన్ మారి గోధుమరంగు అయితది, అందుకే వెల్ డన్‌ల ఎరుపు కనపడదు. రక్తం అనే మాట వినంగనే సగం మంది ప్లేటు పక్కకు జరుపుతరు.

దేవరకొండ:
దానికి ‘ఊట’ ఉంది. మాంసంల నీళ్లు ఊరుతయి అంటనే ఉంటం. ‘రసం’ అంటే చారు అనుకుంటరు, ‘ద్రవం’ ఆస్పత్రి మాట. ‘ఎర్రటి ఊట’ అనండి.

నార్కట్‌పల్లి (అడిగినవారు):
అందరికీ ధన్యవాదాలు. పేర్లు తెలుగు లిపిలో అట్లనే ఉంచి, కింద ఒక్కో వరుస ఇట్ల రాసిన:

రేర్: పైన దోరగా, లోపల ఎర్రగా, గోరువెచ్చగా. ఊట ఎక్కువ.
మీడియం రేర్: లోపల ఎరుపు తిరిగిన గులాబీ రంగు, వెచ్చగా. మెత్తగా ఉంటుంది.
మీడియం: లోపలంతా గులాబీ రంగు, వేడిగా. ఊట తక్కువ.
మీడియం వెల్: నడుమ మాత్రం కొద్దిగా గులాబీ రంగు.
వెల్ డన్: గులాబీ రంగు లేకుండా పూర్తిగా కాలినది. గట్టిగా ఉంటుంది.

కల్వకుర్తి:
‘పూర్తిగా కాలినది’ అంటే మాడిందని చదువుతరు. ‘లోపలిదాకా కాల్చినది’ అనండి. రేర్ మొదట పెట్టకండి, వెల్ డన్ నుంచి కిందికి రండి. మనవాళ్లకు తెలిసిన మెట్టు అదే కాబట్టి అక్కడి నుంచి తీసుకపోతే మిగిలినవి తేలిగ్గ అర్థమైతయి.

షాద్‌నగర్ (వంటశాల పని):
కింద ఇంకో వరుస చేర్చండి: చికెన్‌కు, కీమాతో చేసినవాటికి ఈ ఎంపిక లేదు. ముక్కగా ఉన్న మాంసంల క్రిములు ఎక్కువగ పైన్నే ఉంటయి, పెంక వేడికి పోతయి. కీమా కొట్టినప్పుడు పైది లోపలికి కలుస్తది, అందుకే 71 డిగ్రీలు దాటాలె. చికెన్ 74. గర్భిణులకు, ముసలోళ్లకు, చిన్నపిల్లలకు స్టేక్ కూడా లోపలిదాకా కాల్చిందే ఇయ్యాలె.

మెత్తబడాలని పచ్చిబొప్పాయి పూయకండి. రాతి పలక మీద కాల్చే పత్తర్ కా గోష్‌కు పల్చగ కొట్టిన ముక్కలు కాబట్టి అది నడుస్తది. ఇంచున్నర మందం ముక్కల బొప్పాయి లోపలికి పోదు, పైపొరనే పిండి లెక్క చేస్తది.

నల్లగొండ:
వెయిటర్ అయిదు పేర్లు గడగడ చదవకుండ ‘లోపల గులాబీ రంగు ఉండొచ్చునా, వద్దా?’ అని మొదట అడగాలె. వద్దంటే వెల్ డన్. ఉండొచ్చంటే ‘కొంచెమా, మొత్తమా?’ అని రెండో ప్రశ్న. ఎర్రగ ఉన్నా ఫరవాలేదనేటోళ్లు వాళ్లే చెప్తరు.

మహబూబ్‌నగర్ (మటన్ వ్యాపారం):
తినేటోళ్లు ఎటూ తేల్చకపోతే వాళ్లనుకున్నదానికి ఒక మెట్టు తక్కువ కాల్చి తెమ్మనండి. తక్కువైతే ‘ఇంకొంచెం కాల్చి తెమ్మంటరా?’ అని మళ్ల పెంక ఎక్కించొచ్చు. ఎక్కువ కాలింది వెనక్కి రాదు, ఇంకో ముక్క పెట్టాల్సిందే. కోసేటప్పుడు పీచుకు అడ్డంగ కోయమని కూడా వెయిటర్‌తోని చెప్పించండి. పీచు పొడుగునా కోస్తే ఎంత మంచి ముక్కైనా నమలలేరు.