పైపోర్షన్ వాళ్ళు మూడు నెలలుగా బాడుగ ఇవ్వట్లేదు, ఏం చేయాల?

బైరాగిపట్టెడ మిద్దె:
అందరికీ నమస్తే. మాది తిరుపతి బైరాగిపట్టెడలో చిన్న మిద్దె, కింద మేముంటాం, పైన రెండు పోర్షన్లు బాడుగకి ఇచ్చినాం. నేను రిటైర్ అయినా, ఆ రెండు బాడుగల మీదే సరుకులూ మందులూ గడుస్తాయి. ఒక పోర్షన్‌లో నర్సింగ్ చదివే పిల్లోళ్ళు ఉండారు, వాళ్ళతో పేచీ లేదు. రెండోదాంట్లో మొగుడూ పెళ్ళాం ఇద్దరు పిల్లలు, నాలుగేళ్ళుగా ఉండారు, నెలకి 8,500, అడ్వాన్స్ 20,000. ఆయన ట్యాక్సీ తోల్తాడు. మొదట్లో ఐదో తేదీ దాటనిచ్చే మనిషి కాదు, చెడ్డోడు అని చెప్పలేను. ఇప్పుడు మూడు నెలలైంది, అడిగితే సోమవారం సార్ అంటాడు, ఎన్ని సోమవారాలు పోయినాయో నాకే తెలీదు. అడ్వాన్స్‌లో పట్టుకుందామన్నా అది పోయి ఇంకా 5,500 రావాల. పైగా మా పాప రెండు నెలల్లో కాన్పుకి వస్తాది, ఆ పోర్షన్ మాకే కావాల. ఖాళీ చేయమంటే ఇప్పుడు ఆషాఢం సార్, ఇంట్లో ఆడోళ్ళు ఒప్పుకోరు, శ్రావణంలో చూద్దాం అంటా ఉండాడు. అగ్రిమెంట్ 11 నెలలది, ఎప్పుడో అయిపోయింది, మళ్ళా రాసుకోలే, నాదే బుద్ధి తక్కువ. మా బామ్మర్ది మోటారు ఆపేయ్ బావా, రెండు రోజుల్లో వాళ్ళే పోతారంటాడు. మా ఆవిడేమో పసిపిల్లోళ్ళ ఉసురు తగుల్తుంది వద్దంటుంది. తెలిసినోళ్ళు దారి చెప్పండి.

తిరుచానూరు రోడ్డు:
సార్ మీరు మరీ మెతకగా ఉండారు. మోటారు ఆపడం కాదు ఫ్యూజు పీకేయండి. లేకుంటే వాళ్ళు బయటికి పోయినప్పుడు ఇంగో తాళం వేసేయండి. మన ఇంటికి మనం భయపడేదేంది?

చిత్తూరు గుమాస్తా:
పై సలహా పొరపాటున కూడా పాటించొద్దు సార్. లాయర్ దగ్గర గుమాస్తాగా 22 ఏళ్ళుగా పని చేస్తాండా, ఇట్లా ఫ్యూజులు పీకినోళ్ళ కాగితాలే ఎక్కువ టైపు చేసినా. ఇప్పటిదాకా తప్పు ఆయనది. ఫ్యూజు పీకిన నిమిషం నుంచి తప్పు మీది. ఆయన స్టేషన్‌కి పోతాడు, లేకుంటే మిమ్మల్ని ఆపమని కోర్టులో ఇంజంక్షన్ (అడ్డుకునే ఆర్డరు) అడుగుతాడు, ఇద్దరు చిన్నపిల్లలు ఉండారు తాగేదానికి నీళ్ళు లేవు అని రాసినాడంటే మీ మూడు నెలల బాకీ మాట ఎవరికీ వినపడదు. తాళం మీద తాళం ఇంకా చేటు, లోపల బంగారం ఉండింది ఇప్పుడు లేదు అంటే మీ దగ్గర ఏం జవాబు ఉంది?

సంగతి ఇది. 11 నెలలు అయిపోయినాక కూడా మీరు బాడుగ తీసుకుంటా వచ్చినారు కాబట్టి అది నెలవారీ బాడుగ కింద లెక్క. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల గడువిచ్చి నోటీసు రాసి ఇవ్వాల. మెట్ల దగ్గర నిలబడి నోటితో వందసార్లు చెప్పినా అది నోటీసు కాదు. పోస్టులో అందినట్టు రసీదు వచ్చేట్టు పంపండి, తీసుకోకుండా వెనక్కి పంపితే ఆ కవరు చించొద్దు, సీలు అట్లనే ఉంచి బీరువాలో పెట్టండి. ఇంగోటి, ఇది చానా మంది మర్చిపోతారు. గడువు దాటినాక ఆయనొచ్చి కొత్త నెల బాడుగ ఇదిగో సార్ అంటే మీరు సంతోషంగా తీసుకున్నారనుకోండి, నోటీసు మీరే వదిలేసుకున్నారు అని ఎదుటి లాయర్ అదే చట్టం 113వ సెక్షన్ చూపిస్తాడు. తీసుకునేట్టయితే నోటీసుకు భంగం లేకుండా తీసుకుంటున్నా అని రసీదు మీద రాసి ఇవ్వండి.

అప్పటికీ కదలకపోతే దావా వేయాల. అది రెండు నెలల్లో తేలేది కాదు, పాప కాన్పు కాదు గదా మనవడి మొదటి పుట్టినరోజు కూడా అయిపోతాది. ఉండే మాట చెప్పినా.

పేరూరు కొత్త ఇల్లు:
మధ్యలో అడుగుతున్నా ఏమనుకోవద్దు, అందరూ 11 నెలలే ఎందుకు రాస్తారు, 12 రాస్తే ఏమైతుంది?

చిత్తూరు గుమాస్తా:
ఏడాది దాటిన లీజు, ఏడాదికి ఇంత అని రాసుకున్న లీజు దేశం మొత్తానికి ఉండే 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ కింద రిజిస్టర్ చేయించాల. ఆ ఖర్చు, ఆ తిరుగుడు తప్పించుకునేదానికి 11 రాసే అలవాటు వచ్చింది. మన ఆంధ్రాలో మాత్రం 1999 సవరణతో ఎన్ని నెలల లీజు కాగితమైనా రిజిస్టర్ చేయించాలనే ఉంది, అయినా జనం అలవాటు కొద్దీ 11 రాసుకుంటా ఉండారు. మూడేళ్ళకి మామూలు స్టాంపు పేపర్ మీద రాసుకుని కోర్టుకొస్తే అందులోని షరతులు రుజువుగా తీసుకోరు.

బైరాగిపట్టెడ మిద్దె:
అన్నా చానా థాంక్స్. నిన్న నోటీసు మాట ఎత్తినా. ఆయన కోపం పడలే, పైకి రండి సార్ అని పిలుచుకుపోయి పడకగదిలో మంచం జరిపి గోడ చూపించినాడు. అవతల బాత్రూం. గోడకి మూరెడు ఎత్తు దాకా చెమ్మ, పెయింటు అప్పడం మాదిరి ఉబ్బి ఉంది, వేలు పెడితే లోపల సిమెంటు ఇసక మాదిరి జలజలా రాలింది. పిల్లోడి స్కూలు బ్యాగు అడుగంతా బూజు. రెండేళ్ళ నుంచి చెప్తాండా సార్ మీరు పట్టించుకోలే అన్నాడు. నిజమే, చెప్పినాడు. నేనే వానలు పోనీ అని వాయిదా వేస్తా వచ్చినా. ఇప్పుడు నోటీసు పంపాలంటే చెయ్యి రావడం లేదు.

కొర్లగుంట అక్క:
అన్నా నాకు మూడు పోర్షన్లు, ఆయన పోయినాక నేనే చూసుకుంటా ఉండా. ఒకసారి మీ మాదిరే ఇరుక్కున్యా కాబట్టి చెప్తాండా. బాకీ కావాల్నా, తాళం కావాల్నా, ముందు మీరు తేల్చుకోండి. ఇట్లాంటప్పుడు రెండూ దొరకవు. నేను 11,000 వదిలేసినా, ఒక వారం అన్నం సయించలే, కానీ పోర్షన్ చేతికొచ్చిన నెలలోనే వేరేవాళ్ళు దిగినారు.

నోటీసు మాత్రం పంపండి, గోడ చూసి ఆగొద్దు, గోడ వేరు బాకీ వేరు. పంపినాక మీరూ వదినా ఇద్దరూ పైకి పోయి ఆయన్నీ ఆయన భార్యనీ కూర్చోబెట్టి మాట్లాడండి. ఆయన ఒక్కడితో అయితే మళ్ళా సోమవారం అంటాడు, ఆడమనిషి ముందర ఒప్పుకున్న మాట అంత సులభంగా మారదు. ఫలానా తేదీకి ఖాళీ చేస్తే ఇంత బాకీ వదిలేస్తాను అని చెప్పండి. శ్రావణంలో మంచిరోజు ఏదో ఆయన్నే చూసుకోమనండి, ఆ తేదీనే కాగితం మీద రాయించండి. ముహూర్తం ఆయనే పెట్టుకున్యాక ఇంగో సాకు ఉండదు. కాగితంలో బాకీ ఎంత, వదిలేది ఎంత, అడ్వాన్స్ దాంట్లోకి జమ అయిపోయింది తిరిగిచ్చేది లేదు అని, ఎన్ని తాళంచెవులు ఇస్తారు అని అన్నీ ఉండాల, ఇద్దరి సంతకాలు. సామాను బండెక్కి తాళంచెవి మీ చేతిలో పడినాక మాత్రమే బాకీ లేదు అని రాసివ్వండి, ముందే రాసిస్తే అంతే సంగతులు.

కరెంటు పని:
కాన్పు హడావిడిలో మీరు మర్చిపోతారు గానీ సార్, రెండు పోర్షన్లకీ మీటర్ ఒకటేనా వేరేవేరేనా?

బైరాగిపట్టెడ మిద్దె:
ఒకటే మీటర్, లోపల సబ్‌మీటర్ పెట్టి పంచుకుంటాం. ఆ నర్సింగ్ పిల్లోళ్ళు బిల్లు ఎక్కువొస్తాంది అంకుల్ అని గొణుగుతా ఉంటారు.

కరెంటు పని:
వాళ్ళు గొణిగేది కరెక్టే. 2022 నాటి స్లాబుల లెక్కన చూడండి, మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, ఆపైన 400 దాకా 8.75. ఒక్కో పోర్షన్ 120 యూనిట్లు కాలిస్తే వేరే మీటర్లలో ఒక్కోదానికి 394.50, రెండూ కలిపి 789. అదే ఒక మీటర్ మీద 240 కాలితే 1,148 దాటుతుంది. ఫిక్సెడ్ ఛార్జీలు అవీ దీనికి అదనం. ఊరికే 360 దాకా ఎగస్ట్రా కడతా ఉండారు, ఎవరూ ఏమీ ఎక్కువ కాల్చకుండానే. ఇంకో ప్రమాదం ఏందంటే సర్వీస్ మీ పేరు మీద ఉంది, ఒక పోర్షన్ వాళ్ళు కట్టకుండా పోతే బిల్లు మీ నెత్తిన, లైను పీకితే పాపం ఆ పిల్లోళ్ళు కూడా చీకట్లో కూర్చోవాల. ఖాళీ అయినప్పుడే రెండో సర్వీస్‌కి అప్లై చేయండి. తాళం తీసుకునే రోజు మీటర్, సబ్‌మీటర్ రీడింగ్ ఇద్దరూ ఉండి ఫోటో తీసుకోండి.

తిరుచానూరు రోడ్డు:
సరేలే నా సలహా వెనక్కి తీసుకుంటున్నా. ఇంగో ఐడియా సార్, ఖాళీ అయినాక ఫ్యామిలీలకి ఇవ్వకుండా భక్తులకి రోజు బాడుగకి ఇచ్చేయండి, బాకీ అనే మాటే ఉండదు.

కొర్లగుంట అక్క:
కింద బాలింతని పెట్టుకుని పైన అర్ధరాత్రి బస్సు దిగి వచ్చేవాళ్ళనీ, తెల్లారి మూడుకి లేచి దర్శనానికి పోయేవాళ్ళనీ పెట్టుకోమంటావా తమ్ముడూ. రోజుకో మనిషి ఆధార్ చూసుకుంటా, రోజూ దుప్పట్లు ఉతుక్కుంటా కూర్చోవాల. వదిన చేయలేదు.

బైరాగిపట్టెడ మిద్దె:
అందరికీ చెప్పాలని వచ్చినా. శ్రావణంలో గురువారం రోజు ఖాళీ చేసినారు, తేదీ ఆయన పెట్టుకున్నదే. అప్పటికి నాలుగు నెలలైంది, అడ్వాన్స్ పోను 14,000 వదిలేసినా. కరెంటు బిల్లు మాత్రం ఆయనే కట్టినాడు, రీడింగ్ ఫోటో తీసినాం. తాళంచెవులు మూడు ఇస్తానని రాసి రెండే ఇచ్చినాడు, మూడోది ఎక్కడుందో వాళ్ళకే తెలీదంట, తాళమే మార్చేసినా. పోయేటప్పుడు తులసి కుండీ బండిలో పట్టలేదని మా ఆవిడకి ఇచ్చి పోయింది ఆ అమ్మాయి. బాత్రూం టైల్స్ పగలగొడితే లోపల పైపు జాయింట్ దగ్గర సన్నగా కారతా ఉంది, అంతే, రెండేళ్ళ కింద చేయించుంటే మేస్త్రీకి ఒక్కరోజు పని. ఇప్పుడు గోడ ఆరేదాకా పెయింటు వేయొద్దన్నాడు.

నర్సింగ్ పిల్లోళ్ళకి కొత్తగా అగ్రిమెంట్ రాస్తా ఉండా. స్టాంపు పేపర్ నా పేరు మీద కొనాల్నా వాళ్ళ పేరు మీదా?

చిత్తూరు గుమాస్తా:
ఇద్దరిలో ఎవరి పేరు మీదైనా పర్వాలేదు సార్. ప్రతి పేజీలో అందరి సంతకాలు, ఇద్దరు సాక్షులు. ఈసారి తేదీ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి, 11 నెలలు అయ్యేలోపల మళ్ళా రాసుకునేదానికి.