ఇది గుడ్డిపామా (వానపాములా కనిపించే చిన్న పాము), సిసీలియనా (కాళ్లు లేని ఉభయచరం)? తేల్చుకోలేకపోతున్నాం

మాది ఒడిశాలోని పర్లాకిమిడి దగ్గర పల్లె. మొన్న రాత్రి పెద్ద వాన పడింది. పొద్దున ఏడింటికి పసుపు మడిలో, కుళ్లిన అరటి బోదె కింద ఒక జీవి కనిపించింది. స్కేలుతో కొలిస్తే 22 సెంటీమీటర్లు, పెన్సిల్ లావు. కాళ్లు లేవు. ఒళ్లంతా ఉంగరాలు పేర్చినట్టు గీతలు, ముట్టుకుంటే చేపలా జారిపోతోంది.

ముందు వానపామే అనుకున్నాం. కానీ దాని నోటికి దవడలున్నాయి, కాబట్టి కాదు. ఫోన్ యాప్‌లో మూడుసార్లు ఫొటో పెడితే రెండుసార్లు వానపాము, ఒకసారి గుడ్డిపాము అంది! మా అబ్బాయి ప్లస్ టూ, వాడి లెక్క ప్రకారం పొలుసులుంటే సరీసృపం, లేకపోతే ఉభయచరం. భూతద్దంతో చూస్తే పొలుసులు కనపడలేదు. తీరా చదివితే, కొన్ని సిసీలియన్లకు ఉంగరాల గాడుల్లో చర్మం లోపల సన్నటి పొలుసులు దాగి ఉంటాయట. గుడ్డిపాము పొలుసులేమో నున్నగా, కంటికి ఆననంత చిన్నవి. ఇక ఆ లెక్క పనికిరాలేదు. పామైతే నాలుక ఆడించాలి కదా అని పది నిమిషాలు కూర్చున్నాం, ఆడించలేదు. తోక చివర గుడ్డిపాముకు ఉండే ముల్లు ఉందో లేదో చూసేలోపే మట్టిలోకి దూరిపోయింది.

తల పక్కనుంచి తీసిన ఫొటో ఒక్కటే స్పష్టంగా ఉంది. కంటికీ ముక్కు రంధ్రానికీ మధ్య చిన్న చుక్క లాంటిది కనిపిస్తోంది. సిసీలియన్లకు అక్కడ స్పర్శక (పరిసరాలను పసిగట్టే చిన్న మీసం లాంటి అవయవం) ఉంటుందంటారు. ఆ చుక్క ఒక్కదాన్ని బట్టే దీన్ని ఉభయచరాల్లో వేసేయొచ్చా?